కుంకుమ లేని కార్డు

తార ఫ్లాపీని రెండోసారి తీసి పెట్టి చూసింది. నిన్న పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కొట్టిన ఇరవై రెండు పేజీల ఫైలు అందులో లేదు.

హోసూరు బస్టాండు వెనక నారాయణస్వామి నడిపే టైపింగ్ సెంటరు అది. టైపు మిషన్లు ఆరు, కంప్యూటర్లు రెండు. 1988లో ఆ ఊళ్లో కంప్యూటర్ మీద ఉత్తరం కొట్టించుకోవడమే గొప్ప. పంపులు చేసే ఫ్యాక్టరీ ఒకటి తమ పంపు వాడే పద్ధతుల పుస్తకం కొట్టమని ఇచ్చింది. తీసుకుపోవడానికి రేపు పొద్దున మనిషి వస్తాడు.

"ఫైలు యాడ పోయిందమ్మా? రెక్కలొచ్చినాయా?" అన్నాడు నారాయణస్వామి.

"తెలీదు సార్. కార్డులో ఉన్నట్టే నొక్కి మూసినాను."

"కార్డు చూసే ఓపిక యాడుంది సార్ ఈ పిల్లలకు? మేకలు తోలినట్టు నొక్కుకుంటా పోతారు," అన్నాడు మేనేజరు శ్రీరంగయ్య.

తార తండ్రి బేరిగైలో మేకలు కాస్తాడు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

"సాయంత్రం దాకా చూస్తాను," అన్నాడు నారాయణస్వామి. "ఎట్ల పోయిందో చెప్పు. చెప్పలేకపోతే రేపటి నుంచి రావద్దు."

తార ఉద్యోగంలో చేరి మూడు రోజులే అయింది. కంప్యూటర్ మీద సొంతంగా కొట్టిన మొదటి పని ఇదే. ఫైలు పోగొట్టిన పిల్ల అన్న పేరు పడితే ఇంకో సెంటరు గడప తొక్కనివ్వదు. బేరిగైలో వాళ్లమ్మ మునివెంకటమ్మ ఇంటింటికీ తిరిగి చెప్పుకుంది, మా తారకు కంప్యూటర్ పని దొరికిందని.

ఆమె మిషన్ ముందు కూర్చుని కార్డు చూసింది.

కంప్యూటర్‌లో ఏ పనికైనా కంట్రోల్ మీటతో కలిపి అక్షరాలు నొక్కాలి. దాచడానికి ఒకటి, చెరపడానికి ఒకటి, అచ్చుకు ఒకటి. కంపెనీ ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో వెతకాలంటే గంట పట్టేది. శ్రీరంగయ్య వాటన్నిటినీ ఒక అట్ట మీద తెలుగులో రాసి స్క్రీన్ పక్కన అంటించాడు. తెలుగు మీడియంలో చదివిన తార కూడా ఒక్క చూపులో కావలసింది పట్టుకునేది. నారాయణస్వామికి అది ఎంత నచ్చిందంటే, నూరు కార్డులు అచ్చేయించి ఫ్యాక్టరీ ఆఫీసులన్నిటికీ ఇద్దామన్నాడు. పైన శ్రీరంగయ్య పేరు.

'రాసింది దాచి బయటికి: కంట్రోల్ కె, డి.' అంతే ఉంది.

తార వేలు ఆ వరస మీద ఆగిపోయింది. నిన్న మూసేటప్పుడు స్క్రీన్ ఇంగ్లీషులో ఏదో అడిగింది. వై నొక్కమని కార్డులో ఉంటే వై నొక్కింది. ఈ కార్డులో ఆ వరసకు వై లేదు.

పక్క మిషన్ మీద పాత టైపిస్టు కస్తూరి పోయిన పేజీలను మళ్లీ కొడుతోంది. కమాండ్లన్నీ ఆమెకు నోటికి వచ్చు. కార్డు వైపు చూడదు.

"అక్కా, ఆయుధపూజ నాడు కార్డుకు బొట్టు పెట్టినారా?"

"పెట్టకుండానా? సారు మిషన్‌కు, కీబోర్డుకు, ఆఖరికి ప్లగ్గుకు కూడా పెట్టినాడు. కార్డుకు నడిమధ్యన పెట్టినాడు కదా."

"ఈ కార్డుకు లేదు."

కస్తూరి చేతులు ఆగాయి. అట్ట తెల్లగా ఉంది. ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"విజయదశమి మంచి దినమని చెప్పి, శ్రీరంగయ్య చేత్తో రాసిన ఇంకో కాపీని సారు ఆ పొద్దే కృష్ణగిరి ప్రెస్సుకు పంపినాడు. పోయి చూడు. నేనేం చెప్పలేదు."

కృష్ణగిరి బస్సులో తార నిలబడే పోయింది. దారి పొడుగునా ఒకటే భయం: ఆ కాగితం కూడా మారిపోయి ఉంటే?

ప్రెస్సులో వీరప్ప అక్షరాలు పేరుస్తూ తల ఎత్తాడు.

"కార్డా? మీ సెంటరు నుంచి ఇప్పుడే ఫోన్ వచ్చినాది, ఆ కాగితం చించెయ్యమని. వేరేది పంపుతారంట. అరపని అయినాక చించమంటే ఎట్లమ్మా? నా చేతులు ఊరికే ఉన్నాయా?"

"చించినారా?"

"టీ తాగి చింపుదామనుకున్నాను."

తార చదివింది. ఊదా సిరా, శ్రీరంగయ్య గుండ్రటి రాత. 'రాసింది దాచి బయటికి: కంట్రోల్ కె, క్యూ, వై.' దాని కింద వరస, 'రాసింది వదిలేసి బయటికి: కంట్రోల్ కె, డి.' రెండూ తారుమారు.

"ఇది నాకియ్యప్పా."

"ఎటూ చింపేదే కదా. తీసుకపో."

ఆమె సెంటరుకు చేరేసరికి నాలుగు దాటింది. కాగితాన్ని నారాయణస్వామి ముందు పెట్టి, మిషన్ పక్క కార్డును పీకి దాని పక్కన పెట్టింది.

"నేను నొక్కింది ఇది సార్. పొద్దున్నుంచి నా మిషన్‌కు ఉండేది ఇది. మీరు పెట్టిన బొట్టు దీని మీద లేదు."

నారాయణస్వామి రెండింటినీ రెండుసార్లు చదివాడు. తర్వాత శ్రీరంగయ్యను చూశాడు. శ్రీరంగయ్య కళ్లజోడు తీసి కుర్చీలో కూర్చున్నాడు.

"నేనే మార్చినాను," అన్నాడు. "నిన్న ఈ పాప పోయినాక ప్రింటు తీద్దామని ఫ్లాపీ పెట్టినాను. ఫైలు లేదు. కార్డు చూస్తే తెలిసిపోయింది, ఇంగ్లీషు పుస్తకంలోంచి ఎత్తి రాసేటప్పుడు వరస తప్పినాను. కూర్చుని వేరేది రాసినాను. బొట్టు సంగతి మతికి రాలేదు. ముప్పై ఏండ్లు ఎవురెవురో చెప్పింది టైపు కొట్టినాను సార్. నా పేరు యాడా అచ్చు కాలేదు. నూరు కార్డుల మీద వస్తుందని ఇంట్లో చెప్పుకున్నాను. తప్పు నాదంటే కార్డు పోతుంది. ఈ పాపదంటే, కొత్త పిల్ల, చేతకాలేదనుకుంటారు, అంతే. పొద్దున ఏడ్చుకుంటా వస్తే చెప్పేద్దామనే ఉండినాను. ఏడవలేదు. అప్పుడు మేకల మాట కూడా అన్నాను."