రెండో బొత్తాం ఎత్తు

చొక్కా రెండో బొత్తాం మీద వేలుంచి, వీపు నిటారుగా నిలుపుకుని, ఆయన ఏడో చెట్టు దగ్గరకు జరిగాడు. బొత్తాం ఎక్కడ తగిలితే అక్కడ టేపు కొక్కెం బెరడులో గుచ్చి, మాను చుట్టూ తిప్పాలి. పనిలో చేరిన కొత్తలో అది మూడో బొత్తాం. ముప్ఫై ఏళ్ళలో ఆయన నడుం వంగింది. చుట్టుకొలత తీసే ఎత్తు ఏ చెట్టుకూ మారకూడదు కాబట్టి బొత్తామే మారింది.

ఆఫీసులో ఆయన పేరు చుక్కలాయన. ఉపగ్రహం తీసిన బొమ్మ మీద ఎక్కడ చుక్క పెడితే అక్కడికి నడిచి వెళ్ళి, ఉన్నది అడవో, పొదలో, గడ్డో చూసి చెప్పడమే ఆయన ఉద్యోగం.

పొద్దున కూతురు సంచిలో నీళ్ళ సీసా పెడుతూ దెప్పింది.

“మెట్లెక్కితేనే ఆయాసం, కొండెక్కుతావా నాన్నా? రిటైరయ్యేవాళ్ళు చివరి వారం కుర్చీలో కూర్చుంటారు.”

“కుర్చీ కింద ఏం మొలుస్తుందే, చూసి రాయడానికి?”

మిగిలింది ఈ ఒక్క చుక్కే. బొమ్మ తీసింది ఆకులు రాలిపోయిన నెలలో. మోడువారిన అడవి పైనుంచి ఉత్త నేలలా కనిపిస్తుంది. కంప్యూటరు ఈ కొండవాలుకు బీడని పసుపు రంగు వేసేసింది. సాయంత్రం పటం అచ్చుకు పోతుంది. బీడని పడితే చదును చేసే యంత్రాలు రావడానికి ఎన్నాళ్ళో పట్టదు. రంగు మారాలంటే పది చెట్ల కొలతలు కావాలి.

ఇప్పుడు కొండంతా లేత చిగురు. ఎండ ఆ ఆకుల్లోంచి దిగి ఆయన చేతుల మీద పచ్చగా కదులుతోంది. నేల కాళ్ళ కింద మెల్లగా తేలుతున్నట్టుంది. చిన్నప్పుడు కూతురు ఆ బొమ్మలు చూసి “ఇందులో నువ్వెక్కడ నాన్నా?” అనడిగేది. ఇల్లంత చోటు ఒక్క గడిగా పడే బొమ్మలో మనిషి కనిపించడు. ఆయన ఏదో ఒక చోట వేలు పెట్టి, “ఇదిగో, చెట్టు చాటున” అనేవాడు.

చెవిలో ఫోను పలికింది. ఆఫీసులో అంకెలు ఎక్కిస్తున్న అమ్మాయి.

“తొమ్మిది చెట్లయ్యాయి బాబాయ్. గొంతేంటి అలా ఉంది? కాసేపు కూర్చోరాదూ?”

“కూర్చుంటే బొత్తాం కిందికి పోదూ అమ్మడూ!”

ఆమె నవ్వింది. ఆయన పదో చెట్టుకు రొమ్ము ఆనించి, ఊపిరి కూడదీసుకుని, టేపు చుట్టూ తిప్పాడు.

“నూట పన్నెండు సెంటీమీటర్లు.”

ఆఫీసులో ఆమె ముందున్న తెర మీద కొండవాలు పసుపు నుంచి ఆకుపచ్చకు తిరిగింది.

“మారింది బాబాయ్, మారింది!”

అవతల ఆకుల గలగల ఒక్కటే వినిపించింది. కూర్చుని ఉంటాడనుకుంది.

కూర్చునే ఉన్నాడు. మధ్యాహ్నం ఆఫీసువాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళేసరికి, మానుకు వీపు ఆనించి, ఒడి నిండా ఎండతో. ఒళ్ళు అప్పటికే చల్లబడింది. ఆయన్ని మెల్లగా దించుకుపోయారు. సంచీ, సీసా, ఫోనూ కూతురికి అప్పగించారు.

టేపు సంగతి ఎవరికీ తట్టలేదు. కొక్కెం బెరడులో అలాగే గుచ్చుకుని, రెండో బొత్తాం ఎత్తున, అది ఆ చెట్టును చుట్టుకునే ఉంది.