ఎవరి గ్లాసు వాళ్లే తెచ్చుకోండి

బలిక్చీ ఊళ్లో ఆసుపత్రి తలుపు మీద ఒక కాగితం అంటించారు. కాలేయ పరీక్ష ఉచితం, పరగడుపున రావాలి, ఇంట్లో తాగే గ్లాసు వెంట తెచ్చుకోవాలి అని దాని మీద రాసి ఉంది. రాజధాని నుంచి సెజిమ్ అనే డాక్టరమ్మ వచ్చింది. ఒకేలా తాగేవాళ్లలో కొందరి కాలేయమే ఎందుకు చెడుతుంది, మిగతావాళ్లది ఎందుకు చెడదు అని పరిశోధిస్తూ ఇస్సిక్‌కుల్ సరస్సు చుట్టూ ఉన్న ఊళ్లన్నీ తిరుగుతోంది.

పడవల ఇంజన్లు బాగుచేసే అసన్‌కుల్ రానని మొండికేశాడు.

"నాకేం రోగం? ఎద్దులా ఉన్నాను."

"ఎద్దుకీ ఉంటుంది కాలేయం. లే, చొక్కా వేసుకో," అంది భార్య బురుల్చా.

ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆవిడ మాట కాదన్న ప్రతిసారీ అసన్‌కుల్‌కి నష్టమే జరిగింది. అందుకని లేచాడు. కానీ చుట్టాలొస్తే తీసే చిట్టి గ్లాసొకటి గుట్టుగా జేబులో వేసుకున్నాడు. డాక్టరమ్మ ముందు కూర్చుని వినయంగా దాన్ని బల్ల మీద పెట్టాడు. బురుల్చా తన సంచిలోంచి చెంబంత గాజు గ్లాసు తీసి దాని పక్కన పెట్టింది.

"ఇదమ్మా ఈయన గ్లాసు. అది పిచ్చుకలకి నీళ్లు పెట్టేది."

సెజిమ్ నవ్వాపుకుంటూ పెద్ద గ్లాసు నిండా నీళ్లు పోసి కొలిచింది. ఊళ్లో అందరూ 'రెండు గ్లాసులే' అంటారు గానీ ఎవరి గ్లాసు ఎంతో ఎవరూ చెప్పరు. అందుకే ఆ షరతు పెట్టింది. కొలత రాసుకుని బురుల్చా వైపు తిరిగింది.

"మరి నీ గ్లాసేదక్కా?"

"నాకెందుకు? నేను తాగను. పని మీద వెళ్లినప్పుడు తప్ప."

"ఏం పని?"

అసన్‌కుల్ గొంతులో గర్వం పొంగింది. "మా ఆవిడ 'తమదా' అమ్మా, అంటే విందు నడిపించే పెద్ద! ఈ చుట్టుపక్కల పెళ్లి విందుల్లో దీవెన మాటలన్నీ తనే చెప్తుంది. తను గ్లాసెత్తితేనే ఊరంతా ఎత్తుతుంది."

"దీవెన చెప్పిన ప్రతిసారీ నువ్వూ తాగుతావా అక్కా?"

"తాగకపోతే దీవెన ఎట్లా అంటుతుందమ్మా?" అని నవ్వింది బురుల్చా. తర్వాత వేళ్లు ముడుస్తూ లెక్క మొదలుపెట్టింది. పెళ్లికొడుకు తల్లిదండ్రులకొకటి, పెళ్లికూతురి వాళ్లకొకటి, తాతలకి, మేనమామలకి, వియ్యాలవారికి, స్నేహితులకి... ఒక చేతి వేళ్లయిపోయి రెండో చేతికొచ్చేసరికి ఆవిడ నవ్వు ఆగిపోయింది. అది ఒక్క విందు లెక్క. ఎండాకాలమంతా వారం వారం విందులే.

ముందు అసన్‌కుల్‌ని పడుకోబెట్టి పక్కటెముకల మధ్య కాలేయాన్ని పరీక్షించే యంత్రం ఆనించారు. కాస్త కొవ్వు పట్టింది గానీ కాలేయం గట్టిపడలేదని చెప్పింది సెజిమ్. అతను చొక్కా దించుకుంటూ, "చెప్పానా, ఎద్దునని!" అని మీసం దువ్వాడు. తర్వాత బురుల్చా మంచమెక్కింది. ఈసారి సెజిమ్ ఒకటికి నాలుగుసార్లు యంత్రం ఆనించి చూసింది.

"అక్కా, నీ కాలేయం చెడి బాగా గట్టిపడింది."

"యంత్రం పొరబడింది," అన్నాడు అసన్‌కుల్. "అది నాది అయ్యుంటుంది. తాగింది నేను కదా!"

"పొరబడలేదన్నా. అదే గ్లాసు ఆడవాళ్ల ఒంటికి ఎక్కువ చేటు చేస్తుంది. అక్కకి షుగరుంది, నడుము చుట్టూ కొవ్వుంది. ఇవన్నీ ఒకదానికొకటి తోడయ్యాయి."

"మరి నాకేం కాలేదేం?"

"ఇప్పటికి కలిసొచ్చింది. ఎందుకో పూర్తిగా తెలిస్తే నేనిన్ని ఊళ్లు తిరగను. అలాగని రేపు నీకు రాదనీ కాదు." బురుల్చా చెయ్యి పట్టుకుంది సెజిమ్. "ఇంకా చెయ్యి దాటిపోలేదక్కా. ఇవాళ్టి నుంచి చుక్క కూడా వద్దు. షుగరు అదుపులో పెట్టుకో. కోలుకోవచ్చు."

బయటికొచ్చాక ఏడ్చింది బురుల్చా కాదు, అసన్‌కుల్. రోడ్డు పక్క ఇనప గొట్టం మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నేను తాగిందంతా నీకు తగిలిందే బురూ."

"నోర్మూసుకో, జనం చూస్తున్నారు. ఇన్నాళ్లూ తాగి ఏడ్చేవాడివి, ఇవాళ తాగకుండానే మొదలుపెట్టావు," అంటూ తన తలగుడ్డ కొంగుతో అతని మొహం తుడిచింది.

మళ్లీ లోపలికి వెళ్లి, ఆవిడతో పాటు తానూ మానేస్తానన్నాడు అసన్‌కుల్. అలవాటున్నవాడు హఠాత్తుగా మానితే ప్రమాదమని సెజిమ్ మాత్రలు రాసిచ్చింది.

"మందు మానడానికి మందా?" అన్నాడు.

"ఈ మందుకి ఊరగాయ అక్కర్లేదులే, మింగు," అంది బురుల్చా.

మొదటి వారం అతనికి ఒళ్లంతా చెమట్లు, చిరాకు. బురుల్చా పక్కనే కూర్చుని పాత పెళ్లిళ్లలో ఎవరు ఎక్కడ జారిపడ్డారో కథలు కథలుగా చెప్పి నవ్వించింది.

ఆ తర్వాత వచ్చిన పెళ్లిలో ఆవిడ పక్కన టీ కూజా పట్టుకుని కూర్చున్నాడు అసన్‌కుల్. పెళ్లికొడుకు పెదనాన్న జమ్‌గిర్ లేచి కేకలేశాడు.

"తమదా టీ తాగితే కొత్త జంటకి అరిష్టం! పోయండి వోద్కా!"

అసన్‌కుల్ కుర్చీలోంచి లేవబోయాడు. బురుల్చా అతని భుజం నొక్కి కూర్చోబెట్టి మైకందుకుంది.

"జమ్‌గిరన్నా, ఇరవై ఏళ్లుగా నా మాటలు బాగున్నాయని మెచ్చుకున్నావు. అవన్నీ సీసా చెప్పిందనుకున్నావా? అయితే ఇదిగో, మైకు దాని ముందు పెడతాను. నువ్వే మాట్లాడించు."

పందిరంతా గొల్లున నవ్వింది. జమ్‌గిర్ కూడా నవ్వేసి టీ కప్పు ముందుకు చాపాడు. అందరూ అలా సర్దుకోలేదు. కొన్ని ఇళ్లవాళ్లు ఆవిణ్ణి పిలవడం మానేశారు. అలాంటి శనివారాల్లో కిటికీ దగ్గర కూర్చుని ఊరవతల నుంచి వచ్చే పాటలు వినేది. అప్పుడు అసన్‌కుల్ ముక్కలు తెచ్చి పేకాటకి దిగేవాడు, తొండి ఆడి దొరికిపోయేవాడు.

మళ్లీ ఆకులు రాలే కాలానికి సెజిమ్ వచ్చింది. బురుల్చాని పరీక్షించి ఈసారి గట్టిగానే నవ్వింది.

"మెత్తబడుతోందక్కా! పూర్తిగా కాదు, కానీ దారిలో పడింది. ఆపొద్దు."

ఇద్దరూ రోడ్డు మీదికొచ్చి ఆగిపోయారు. ఇంత సంతోషంగా ఉన్నప్పుడు ఏం చెయ్యాలో ఇద్దరికీ తోచలేదు. ఇన్నేళ్లూ ఊళ్లో సంతోషమంటే సీసా మూత తీయడమే, అంతే.

"తాగనివాళ్లు ఏం చేస్తారే?" అన్నాడు అసన్‌కుల్.

"నాకేం తెలుసు? మనకి అలాంటివాళ్లెవరూ తెలియరుగా!"

ఆలోచించి, రోడ్డు పక్క అమ్మే పొగలో కాల్చిన చేప కొనుక్కుని సరస్సు ఒడ్డుకి వెళ్లారు. గాలి ముక్కు కోసేస్తోంది. ఉన్నట్టుండి అసన్‌కుల్ బట్టలు విప్పేసి లాగుతో నీళ్లలోకి ఉరికాడు.

"పిచ్చి ముదిరిందా? చస్తావు!" అని అరిచింది బురుల్చా.

"చల్లగా లేదే! రా!"

"పళ్లు టకటకలాడుతున్నాయి, ఇక్కడికి వినిపిస్తోంది!"

అతను నీళ్లు ఎగజిమ్ముతూ గంతులేస్తుంటే, బురుల్చా ఒడ్డున రాళ్ల మీద కూర్చుని పొట్ట పట్టుకుని కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వింది. తర్వాత చేప తొక్క ఒలిచి, మంచి ముక్కలన్నీ అతని కోసం ఒక పక్కన పెట్టడం మొదలుపెట్టింది.