డాక్టరు కాగితంలో లేని సంగతి

"ఆ ఇనుప తుంటి ఊడిపోతే ఎట్లరా నాయనా?"

నేనిట్లా అడిగేటప్పటికి నా కొడుకు ఇమ్మానుయేలు మద్రాసు బస్సు కూడా ఎక్కలేదు. "ఊడేదానికి ముందు పెట్టల్ల కదమ్మా" అన్నాడు. నంద్యాల బడిలో లెక్కలు చెప్పేవాడు కదా, వాడికి అన్నీ వరసలో జరగాలి. బేతంచెర్ల దారిలో స్కూటరు మీదినుంచి పడి, రెండేళ్లు కుంటి, 1984లో చెడిపోయిన తుంటి కీలు తీయించి కొత్తది వేయించుకోవడానికి ఒప్పుకున్నాడు.

మద్రాసులో ఆపరేషను బాగా జరిగింది. అంత బాగా ఎందుకు జరిగిందా అని నాకు అనుమానం. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒక కాగితం ఇచ్చాడు. గొంతుక్కూర్చోరాదు, కాలు మీద కాలు వేయరాదు, వంగి చెప్పులు తొడుక్కోరాదు, కాళ్ల నడుమ దిండు పెట్టుకుని పడుకోవాలి. "ఇంకేమన్నా అడగాలా?" అన్నాడు. కొడుకు చెవులు ఎర్రబడ్డాయి. కోడలు లూదియా కిటికీ వైపు చూసింది. వంకాయ తినొచ్చా అని నేనే అడిగాను.

మొగుడూ పెళ్లాల సంగతి ఆ కాగితంలో లేదు. లేదంటే వద్దనే కదా! అందుకని ఆళ్లగడ్డలో నా ఇంటికి తాళం వేసి, నంద్యాల వచ్చి, వాళ్లిద్దరి మంచాల నడుమ నా మంచం వేసుకున్నాను. వాడు కొంచెం దగ్గినా లేచి లైటు వేసేదాన్ని. ఇంత సేవ చేసే తల్లి జిల్లాలో ఉండదు.

నెలలు గడిచాయి. వాడు చేతికర్ర వదిలేసి బడికి పోతున్నాడు. ఇంట్లో మాత్రం ఇద్దరూ రేషను షాపు దగ్గర వరసలో నిలబడ్డవాళ్లలా ముక్తసరిగా మాట్లాడుకుంటున్నారు. తుంటి నిలిచి కాపురం ఊడుతుందేమోనని నాకు కొత్త భయం పట్టుకుంది.

బేస్తవారం చర్చిలో స్త్రీల కూటం. ప్రార్థన మనవులు చీటీల మీద రాసి పెట్టెలో వేస్తాం. బయటికి చెప్పుకోలేనిదైతే "రహస్య మనవి" అని రాస్తే చాలు. దేవుడికి అరకొరగా రాస్తే ఏం తెలుస్తుందని నేను వివరంగా రాశాను. పాస్టరమ్మ పరంజ్యోతి కళ్లజోడు సర్దుకుని గట్టిగా చదివింది: "నా కొడుకు తుంటి మార్చినప్పటినుంచి భార్యతో కలిసి..." అక్కడ ఆగి దగ్గింది. అప్పటికే ముప్పై మంది ఆమెన్ అనేశారు.

పక్కనున్న దానమ్మ అడిగింది. "నువ్వు యాడ పండుకుంటాండావ్ జీవమ్మా?"

"వాళ్లిద్దరి నడుమనే."

"ఇంక ప్రార్థన దేనికే? మంచం ఎత్తు, చాలు!"

ఆ నవ్వుల్లో పాస్టరమ్మ ముగింపు ప్రార్థన కూడా మరిచిపోయింది.

మానం ఎట్లాగూ పోయింది కదా అని, ఇంటికి రాగానే సూటిగా అడిగాను. "ఏమిరా, మీరిద్దరూ కలిసి ఉండొచ్చునా, ఉండగూడదా? డాక్టరును అడిగినావా లేదా?"

వాడు పరీక్ష పేపర్లలోకి తల దూర్చాడు.

"నీకూ బయమేనా?"

చేటలో బియ్యం ఏరుతున్న లూదియా చెయ్యి ఆగిపోయింది. రోడ్డు మీద బండల లారీ ఒకటి పోయింది. నేను కూడా, ఎప్పుడూ లేంది, నోరు మూసుకుని కూర్చున్నాను.

చివరికి లూదియా తలెత్తింది.

"డాక్టరు కాగితం ఇచ్చిన పొద్దే నేను నర్సమ్మను అడిగినా అత్తా. ఆరు వారాలు ఆగి, జాగ్రత్తగా ఉంటే ఏం కాదనింది. ఇప్పటికి పద్నాలుగు. ఈ ఇంట్లో నన్ను ఎవురూ అడగల్యా."