ఉప్పురాయి ఖాతా

"ఎలాగూ ఖాళీగానే కూర్చుంటావుగా, నాన్న మీద కూడా ఒక వ్యాసం రాసి పడెయ్" అన్నాడు మా ఆయన, నేను మడతపెట్టిన బట్టల దొంతరని కుళ్ళగిస్తూ. సాక్సు ఒకటి దొరికింది. రెండోది నేను వెతికిస్తానని ఒంటికాలికి తొడుక్కుని నిలబడ్డాడు. వెతికిచ్చాను.

నేను ఖాళీగా కూర్చుని చేసే పనేమిటో ఇన్నేళ్ళయినా ఈ ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఎవరైనా చదవగల, ఎవరైనా రాయగల విజ్ఞాన సర్వస్వం ఒకటి ఇంటర్నెట్టులో ఉంది. అందులో తమ గురించి ఉండాలని ముచ్చటపడే డాక్టర్లు, బిల్డర్లు, చిన్నాచితకా కంపెనీలవాళ్ళు నాకు డబ్బిచ్చి రాయించుకుంటారు. అక్కడ డబ్బు తీసుకుని రాయడం తప్పు కాదు, దాచడం తప్పు. ఎవరిచ్చారో, వాళ్ళతో నాకేం సంబంధమో పైకి చెప్పాలి. ప్రతి మాటకీ అచ్చయిన ఆధారం చూపించాలి. డబ్బు తీసుకోకుండా రాసేవాళ్ళకి మాలాంటివాళ్ళంటే గిట్టదు, రాసిందల్లా భూతద్దం పెట్టి చూస్తారు. అక్కడ నా పేరు ఉప్పురాయి. మొదట్లో నన్ను పీక్కుతిన్న నిర్వాహకుల్లో 'పిచ్చుక' అని ఒకరున్నారు, ఆడో మగో నాకు తెలియదు. ఆ పిచ్చుక ఒకసారి ఎవరితోనో వాదిస్తూ "ఉప్పురాయి రాసిందా? అయితే చూడక్కర్లేదు" అని రాసింది. ఆరోజు పాలు పొంగి స్టవ్వంతా పాడైనా నాకు విసుగు రాలేదు. నా గురించి అలాంటి మాట ఒకరు అనడం అదే మొదలు.

ఇంట్లో దాన్ని 'ఆ టైపింగు' అంటారు. భోజనాల బల్ల మీద చేస్తాను కాబట్టి కంచాల వేళకి నా ఆఫీసు మూతపడుతుంది. "అమ్మాయ్, నీ టైపింగు అయ్యాక కాస్త టీ" అంటారు మామగారు. అయ్యాక అంటే ఇప్పుడే అని. కంప్యూటరు అందరిదీ. నా పాస్‌వర్డ్ చీటీ మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది మా ఆయనే. "మొగుడూ పెళ్ళాల మధ్య దాపరికాలేంటి" అన్నాడు. ఆయన ఫోను మాత్రం ఆయన వేలిముద్రకే తెరుచుకుంటుంది.

మామగారు బళ్ళో భూగోళం చెప్పేవారు. గోడకి తగిలించే పటాలు గీసి, అచ్చువేయించి ఎన్నో బళ్ళకి పంపారు. పాత పత్రికల్లో వాటి గురించి మెచ్చుకుంటూ వచ్చింది కూడా. వ్యాసానికి తగిన మనిషే, కాదనను. అటక మీది కట్టలు దింపి, దుమ్ముకి తుమ్ముతూ, వంటకీ వంటకీ మధ్య రాశాను. పైన ఒక ముక్క పెట్టాను: ఈయన నాకు మామగారు, ఇది రాసినందుకు నాకెవరూ డబ్బివ్వలేదు.

రాస్తున్నప్పుడు అత్తగారు బఠాణీలు ఒలుచుకుంటూ పక్కన కూర్చునేవారు. ఒకరోజు ఉన్నట్టుండి అడిగారు.

"ఆ పటాలకి రంగులేసింది నేనే, తెలుసా? నదులన్నీ నావే. నీలం కలపడం ఆయనకి చచ్చినా వచ్చేది కాదు. అది రాయొచ్చా?"

"ఎక్కడన్నా అచ్చులో వచ్చిందా అత్తయ్యా? ఆధారం కావాలి."

"ఆధారమేంటే, నేను బతికే ఉన్నాగా!"

పటాల అడుగున మామగారి పేరుంది, అచ్చాఫీసు పేరుంది, కాగితం అమ్మినవాడి పేరు కూడా ఉంది. కట్టలన్నీ మళ్ళీ తిరగేశాను. ఆవిడ పేరు ఎక్కడా లేదు. "కుదరదు అత్తయ్యా, నియమం ఒప్పుకోదు" అన్నాను. "పోనీలే" అని గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. నాకు సిగ్గేసింది. అయినా నియమం నియమమే అనుకుని, 'ఆయనకు భార్య, ఒక కుమారుడు' అని రాసి ముగించాను.

మామగారి పుట్టినరోజు మధ్యాహ్నం, చుట్టాలందరినీ కూర్చోబెట్టి మా ఆయన ఆ వ్యాసాన్ని టీవీలో పెట్టాడు. నేను మంచినీళ్ళు అందిస్తున్నాను. మామగారి ఫొటో పైన ఒక పసుపు పట్టీ కనబడింది. 'ఈ వ్యాసం రాసినవారు తమ సంబంధాన్ని దాచినట్టు అనుమానం.'

"దాచడమేంట్రా?" అన్నారు మామగారి తమ్ముడు. ఎవరో నవ్వారు. మా ఆయన టక్కున టీవీ కట్టేశాడు. నేను జగ్గు బల్లమీద పెట్టి కంప్యూటరు తెరిచాను. పిచ్చుక నాకు రాసింది: "ఆయన మీ మామగారని మీరు పెట్టిన ప్రకటనని మీరే ఎందుకు తీసేశారు? మీరు ఇలా చేస్తారనుకోలేదు."

మా ఆయన వెనకే బల్ల దగ్గరికి వచ్చాడు. "నేనే తీశా. కోడలు రాసిందంటే నాన్న పరువేం కావాలి? పెద్దవాళ్ళెవరో గుర్తించి రాసినట్టుండొద్దూ?"

"నా పేరు మీద తీశారు."

"అబ్బా, అదో పెద్ద పేరు మళ్ళీ. ఉప్పురాయి, పప్పురాయి! పొరపాటున చెయ్యి తగిలి పోయిందని రాసెయ్. నీ సొమ్మేం పోయింది?"

అలా రాస్తే పిచ్చుక నమ్ముతుంది, నాకు తెలుసు. నిజం రాస్తే మాత్రం ఉప్పురాయి ఉండదు. ఇంకొకరి చేతిలో పడ్డ ఖాతాని మూసేయడం అక్కడి పద్ధతి. ఇన్నేళ్ళ నమ్మకం, దాన్ని చూసి వచ్చే పనీ పోయి, మళ్ళీ భూతద్దాల కింద ఓనమాలు దిద్దుకోవాలి. అబద్ధం నాకు కొత్తా? ఆయన పగలగొట్టిన గాజుగిన్నె నా చెయ్యి జారే పడింది. ఆయన మర్చిపోయిన బిల్లు నేను గుర్తుచేయకే మిగిలిపోయింది. ఈ ఇంటి పొరపాట్లన్నీ నా చేతులే చేస్తాయి. ఇదొక్కటీ ఎందుకు మింగుడుపడలేదంటే, ఇదే నియమం చూపించి ఆ పెద్దావిడకి కాదని చెప్పాను. ఇప్పుడు మా ఆయన కోసం దాన్ని పక్కన పెడితే, ఆవిడకి నేను చూపించింది నియమం కాదు, ఉత్త మొండిచెయ్యి.

చుట్టాలు వెళ్ళిపోయారు. సింకు నిండా కంచాలు. వాటిని అలాగే వదిలేసి కూర్చున్నాను. 'ఆ ప్రకటన తీసింది నేను కాదు, నా భర్త. నా పాస్‌వర్డ్ ఇంట్లో అందరికీ తెలుసు. ఈ ఖాతా మూసేయండి' అని రాశాను. కాసేపటికి జవాబొచ్చింది. "మూసేశాను. నాకే బాధగా ఉంది. కొత్త పేరుతో రండి, పాత సంగతి చెప్పి మొదలుపెట్టండి." ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"టైపింగులో ఏడుపేంటే?" అన్నారు అత్తగారు, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ. కంచాలు ఆవిడ కడగడం మొదలుపెట్టారని అప్పుడు చూశాను.

"అవి వదిలెయ్యండి అత్తయ్యా. ఇలా కూర్చోండి."

ఆవిడ పక్కనుండగానే కొత్త ఖాతా తెరిచాను. పేరు దగ్గర కాసేపు ఆలోచించి 'నదినీలం' అని కొట్టాను. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని చదువుకున్నారు. లేచి వెళ్ళి ఫ్రిజ్ మీది చీటీ పీకేశాను. జిగురు మరక మాత్రం పోలేదు.

సాయంత్రం మా ఆయన చల్లనీళ్ళ కోసం వచ్చి ఫ్రిజ్ ముందు ఆగాడు.

"చీటీ ఏదీ? మార్చావా? కొత్త పాస్‌వర్డ్ ఏంటి?"

సింకులో మిగిలిన కంచాలు ఇంకా అలాగే ఉన్నాయి. అత్తగారు బఠాణీలు ఒలవడం ఆపి నా వైపు చూశారు.

"చెప్పను" అన్నాను.