ఆగినా కిందికే

"పైకి పోతాంటే త్వరణం యాడికిరా?"

కుప్పుస్వామి సుద్దముక్కను పైకి విసిరి పట్టుకున్నాడు. మళ్ళీ విసిరాడు.

"పైకే సార్!" క్లాసంతా ఒకే గొంతుతో అరిచింది.

ఈ జవాబు కుప్పంలో విన్నాడు. పుంగనూరులో మూడు కాలేజీల్లో విన్నాడు. ఇప్పుడు మదనపల్లెలో వింటున్నాడు. ఊళ్ళు మారాయి, జుట్టు ఊడింది, ఎడమ మోకాలు మొరాయించింది. జవాబు మాత్రం మారలేదు.

వెనక బెంచీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కాలేజీ యజమాని దేవేంద్ర కూర్చుని ఉన్నాడు. తెల్ల ప్యాంటు, చేతిలో ఫోను. ఈ పాఠం ఆయనకు నచ్చితేనే కుప్పుస్వామికి వచ్చే ఏడాది ఉద్యోగం. "ఈపొద్దైనా ఎవురితోనూ వాదించొద్దప్పా. తల ఊపి వచ్చెయ్" అని పొద్దున భార్య మునెమ్మ చెప్పి మరీ పంపింది.

"సరే. పైకి పోయి ఆగింది. అప్పుడు?"

"సున్నా సార్!"

ముందు బెంచీలో శ్రుతి లేచింది. వాళ్ళ నాన్న మునెప్ప టమాటా మార్కెట్లో హమాలీ. "మా నాయన లారీ మింద నిలబడి, కిందనుంచి ఎగరేసిన క్రేట్లు పట్టుకుంటాడు సార్. పైకొచ్చి ఆగినప్పుడే పట్టాల. ఆడ బరువే తెలీదంట. ఇంక త్వరణం యాల ఉంటాది?"

పిల్లలు చప్పట్లు కొట్టారు. దేవేంద్ర ఫోను దించాడు. "బాగా చెప్పినావు పాపా. ఆగినదానికి త్వరణం యాడిది? అంతే గదా సార్?"

తల ఊపితే చాలు. కుప్పుస్వామి మెడ సగం వంగింది కూడా. అక్కడే ఆగిపోయింది.

"కాదు సార్."

శ్రుతి సంచిలోంచి తొంగిచూస్తున్న టమాటాల్లో బాగా పండినదాన్ని కుప్పుస్వామి లాక్కున్నాడు.

"మీ నాయన పట్టుకోలేదనుకో?"

వెనక బెంచీ దాకా నడిచి, బలంగా పైకి విసిరాడు. టమాటా స్లాబు దాకా పోయి, రెప్పపాటు ఆగి, తిరిగొచ్చింది. ఎవరూ పట్టుకోలేదు. దేవేంద్ర కుర్చీ ముందు పడి పగిలింది. తెల్ల ప్యాంటు మీద ఎర్రటి చుక్కలు చిందాయి.

"ఆడ లాగేది లేకుంటే ఆడనే ఉండిపోవల్ల గదా! ఆగింది వేగం, లాగుడు గాదు. పోయేటప్పుడూ కిందికే, ఆగినప్పుడూ కిందికే! ఇంకెన్నేండ్లు చెప్పాల సామీ?"

ఆ చివరి మాట పిల్లల వైపు తిరిగి అని ఉంటే సరిపోయేది. యజమాని మొహంలోకి చూస్తూ అన్నాడు.

దేవేంద్ర ప్యాంటు వంక చూసుకున్నాడు. లేచాడు. వెళ్ళిపోయాడు.

భోజనాల బెల్లు కొట్టాక ఆఫీసు నుంచి శాలిని వచ్చి, నేల చూస్తూ, "రేపట్నుంచి రావద్దన్నారు సార్" అంది. కుప్పుస్వామి సంచి భుజాన వేసుకుని, మోకాలు పట్టుకుని మెట్లు దిగాడు.

గేటు దగ్గర శ్రుతి పరుగెత్తుకొచ్చింది. "సార్, సార్! క్రేటు ఆగినప్పుడు గూడా కిందికే లాగతాంటాది. మా నాయన పట్టేస్తాడు గాబట్టి మనకు కనపడదు. అంతే గదా?"

"ఈ ముక్క పొద్దున చెప్పుంటే నీ సొమ్మేం పోతాండెనమ్మా తల్లీ!"

విసుక్కుంటూనే పుంగనూరు బస్సెక్కాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

సాయంత్రం ఆయా పాపమ్మ గదులన్నీ ఊడ్చి తాళాలు వేసింది. స్టాఫ్ రూంలో, కుప్పుస్వామి కుర్చీ వీపు మీద, సుద్దవేళ్ళు తుడిచి తుడిచి తెల్లబారిన తుండుగుడ్డ ఒకటి నిటారుగా కిందికి వేలాడుతూ ఉండిపోయింది.