జోడి విడగొట్టిన కాగితం

కంపెనీ వార్షికోత్సవానికి ముందు నా బల్ల మీద ఉన్న పనులు ఇవి:

గేమింగ్ కంప్యూటర్‌కు ప్రాసెసర్, మదర్‌బోర్డు ఎంచుకోవడం.
మూడు దుకాణాల నుంచి కొటేషన్లు తెప్పించడం.
ధరల పట్టిక నింపి రవీందర్ సార్ సంతకం తీసుకోవడం.
స్టోర్ రూములో ఉన్న పాత గ్రాఫిక్స్ కార్డు పనిచేస్తుందో లేదో చూపించడం.
ఆరో అంతస్తు ఆటల గదికి ఇంకో రెండు కుర్చీలు.

అన్నీ చేశాను. చెప్పినవి చెప్పినట్టు చేశాను కాబట్టే ఇలా జరిగింది.

నా పేరు కళ్యాణి. మాది ఖాజాగూడ. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో, కొనుగోళ్ల విభాగంలో చిన్న ఉద్యోగం. కాగితపు కప్పులు, కుర్చీలు, ఫినాయిల్ కొన్నాను కానీ కంప్యూటర్ లోపలి సామాను ఎప్పుడూ కొనలేదు. అందుకే లింగమూర్తి కాకా దగ్గరికి వెళ్లాను.

ఆయనకు యాభై దాటాయి. ఒక కాంట్రాక్టు సంస్థ తరఫున పదకొండేళ్లుగా మా భవనంలో కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. ఏ ఆటలు ఆడతారని ముందు అడిగాడు. తర్వాత కాగితపు టీ కప్పు అడుగున పెన్నుతో గీసి చూపించాడు. ఏఎండీ వాళ్ల ఈ రకం ప్రాసెసర్‌కు కడుపు కింద వెయ్యికి పైగా సన్నని సూదులుంటాయి, దాని బోర్డులో రంధ్రాలుంటాయి. ఇంటెల్‌ది తిరగేసి. ప్రాసెసర్ చదునుగా ఉంటుంది, వెంట్రుకల్లాంటి స్ప్రింగులు బోర్డులో ఉంటాయి. పైసలు తక్కువైతే ప్రాసెసర్ మీద పెట్టాలి, బోర్డు మీద మెరిసే లైట్లకు పెట్టొద్దు అన్నాడు. చివరికి రెండు జోడీలు రాసిచ్చాడు. ఏఎండీ వాళ్ల రైజెన్ 5 5500, దానికి బి550 బోర్డు. లేదంటే ఇంటెల్ వాళ్ల ఐ5 12400ఎఫ్, దానికి హెచ్610 బోర్డు.

"ఏదైనా మంచిదే బిడ్డా. కానీ జోడి జోడిగ తీస్కోవాలె. దీన్ని దానికి కలిపినవనుకో, రెండూ ఖరాబైతయి."

ప్యారడైజ్ దగ్గరి కంప్యూటర్ మార్కెట్ నుంచి కొటేషన్లు వచ్చాయి. రెండు దుకాణాలు రైజెన్ జోడికి, ఒకటి ఇంటెల్ జోడికి, వస్తువు వారీగా ధరలు ఇచ్చాయి. మొత్తం మీద పెద్ద తేడా లేదు.

మా కంపెనీ పట్టికలో వస్తువుకొక వరుస. ప్రతి వరుసలో తక్కువ ధర దానంతటదే పసుపు రంగులోకి మారుతుంది. పసుపు పడ్డదే కొనాలి. కుర్చీలకూ కప్పులకూ పెట్టిన నియమం అది. ప్రాసెసర్ వరుసలో రైజెన్ మీద పసుపు పడింది. బోర్డు వరుసలో ఇంటెల్ బోర్డు మీద పడింది. నేను పక్కన రాశాను: "ఈ రెండూ ఒకదానికొకటి సరిపోవు. ఒకే దుకాణం నుంచి జోడిగా కొనాలి."

రవీందర్ సార్ మా మేనేజరు. ఆ మాట చదివి నవ్వాడు. ఎవరు చెప్పారని అడిగాడు. లింగమూర్తి కాకా అన్నాను.

"గా టెక్నీషియన్లకు దుకాణాల కమీషన్ ఉంటదమ్మా. గందుకే జోడి అంటరు. ఆడిట్ వాళ్లడిగితే నువ్వు జవాబు చెప్తవా? తీసెయ్."

తీసేశాను. డిలీట్ నొక్కింది నా వేలే. పదిహేనేళ్లు చదివి, తెలిసిన నిజాన్ని ఒక్క క్షణంలో చెరిపేశాను. ఆయన పెద్దాయన, నియమం నియమం అని నాకు నేనే చెప్పుకున్నాను.

గురువారం పొద్దున సామాను ఆటల గదికి వచ్చింది. లింగమూర్తి కాకా రెండు డబ్బాలు విప్పి చూసి, ఏమీ ముట్టుకోకుండానే మూసేశాడు. నా వైపు ఒకసారి చూశాడు. బోర్డు అమ్మిన దుకాణానికి ఫోన్ చేసి చాలాసేపు బతిమిలాడాడు. గీత పడకుండా తెస్తే రేపు పొద్దున రైజెన్‌కు సరిపోయే బోర్డు ఇస్తామన్నారు. తేడా డబ్బులు కడితే చాలు. విషయం అక్కడితో తీరిపోయేది. డబ్బాల మీద "ముట్టుకోవద్దు" అని కాగితం అంటించి, రెండో అంతస్తులో ప్రింటర్ ఆగిందంటే ఆయన దిగి వెళ్లాడు.

వార్షికోత్సవంలో జరిగే కంప్యూటర్ ఆటల పోటీల బాధ్యత జశ్వంత్‌ది. టీమ్ లీడ్, కాకినాడ అబ్బాయి. నాలుగింటికి ట్రయల్ పెడతానని అందరికీ మెయిల్ పంపేశాడు. ఆ కాగితం పీకేసి, ఫోన్‌లో వీడియో పెట్టుకుని కూర్చున్నాడు. నేను కుర్చీలు దింపించుకుంటూ గది గుమ్మంలో ఉన్నాను. వద్దండీ, కాకా వచ్చేదాకా ఆగండి అన్నాను.

"ఏం కాదండి కళ్యాణి గారూ. వీడియోలో చిన్న పిల్లాడు పెట్టేస్తున్నాడు. మీ కాకా మరీ భయస్తుడండి బాబూ."

ప్రాసెసర్‌ను బోర్డు మీద పెట్టి, పైనున్న ఇనుప మూత మూసి, పక్కనున్న మీటను నొక్కాడు. అది దిగలేదు. రెండు చేతులతో నొక్కాడు. కరకరమని చప్పుడైంది. తీసి చూస్తే సూదులు వంగిపోయాయి, బోర్డులోని స్ప్రింగులు నలిగి ముద్దయ్యాయి. ఇక ఏ దుకాణమూ తీసుకోదు.

సాయంత్రం రవీందర్ సార్ నన్ను పిలిచాడు. నివేదిక అప్పటికే టైప్ చేసి ఉంది. "టెక్నీషియన్ నిర్లక్ష్యం వల్ల ప్రాసెసర్, మదర్‌బోర్డు దెబ్బతిన్నాయి." సాక్షి సంతకం నాది కావాలి. జశ్వంత్ పక్కనే నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. కాకా ఆ సమయానికి ఆ గదిలోనే లేడని చెప్పాను. ప్రింటర్ ఫిర్యాదులో టైము కూడా ఉందని చెప్పాను.

"జశ్వంత్ పేరు రాస్తే ప్రాజెక్టోళ్లు ఊకుంటరా? కాంట్రాక్టు మనిషికేమైతది, వాళ్ల కంపెనీ ఇంకో దగ్గరేస్తది. ఒక్క సంతకమే గదమ్మా. నీ నౌకరి పైలం, పోగొట్టుకోకు."

సాక్షి సంతకం చోట, "నొక్కింది జశ్వంత్ గారు. లింగమూర్తి గారు గదిలో లేరు. జోడి కాని వస్తువులు కొన్న పట్టిక నాది" అని రాసి పేరు పెట్టాను. రవీందర్ సార్ చదివి చించేశాడు. ఇంకొకరితో సంతకం పెట్టించుకున్నారు. ఆ వాక్యాలే మెయిల్‌లో హెచ్ఆర్‌కు పంపాను. "మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాం" అని జవాబొచ్చింది. అది అభిప్రాయం కాదు.

శుక్రవారం పొద్దున గేటు దగ్గర లింగమూర్తి కాకా కార్డు పెడితే ఎర్ర లైటు వచ్చింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ ఎరుపే. పదకొండేళ్లు నమస్తే పెట్టిన సెక్యూరిటీ మనిషి ఆయన్ను పక్కకు జరగమన్నాడు, వెనక లైను ఆగుతోందని. స్క్రూడ్రైవర్ల సంచి తెచ్చుకుంటానంటే లోపలికి పంపలేదు. నేనే పైకి వెళ్లి తెచ్చిచ్చాను.

రోడ్డు మీద షేర్ ఆటోలు హారన్ కొడుతున్నాయి. నేను జరిగింది చెప్పాను. పట్టికలో రాసిందీ, తీసేసిందీ, కమీషన్ మాటా, అన్నీ. ఆయన సంచి జిప్ వేసుకుంటూ విన్నాడు.

"మీ సారంటే, ఆయనకు నా సంగతి ఎర్క లేదు. నువ్వు గూడ అనుకున్నవా బిడ్డా, నేను కమీషన్ తింటనని?"

లేదని చెప్పాల్సింది. ఆ రోజు డిలీట్ నొక్కేటప్పుడు ఒక్క క్షణం అనుకున్నాను. ఆయన తల ఊపి, ఆటో ఎక్కాడు.

ఆ మధ్యాహ్నం మూడు దుకాణాలకూ ఫోన్ చేశాను. ఎందుకు చేశానో నాకే తెలియదు, అడగాల్సిన టైము దాటిపోయింది. ఇద్దరు ఆయనకు ఎప్పుడూ ఏమీ ఇవ్వలేదన్నారు. మూడో ఆయన మాత్రం కాస్త కోపంగానే చెప్పాడు: "ఇస్తామంటే తీసుకోడమ్మా. అదేదో బిల్లులోనే తగ్గించమంటాడు. ఆయన తెచ్చే బేరంలో మాకేం మిగలదు."

వార్షికోత్సవం బాగా జరిగింది. కొత్త ప్రాసెసర్, కొత్త బోర్డు జోడిగానే కొన్నారు, ఈసారి పట్టిక లేకుండా. ఫొటోల్లో జశ్వంత్ పోటీల బహుమతి కప్పు పట్టుకుని ఉన్నాడు. లింగమూర్తి కాకాను వాళ్ల సంస్థ ఎక్కడా వేయలేదు. ఆ నివేదిక ఆయన పేరు మీద ఇంకా ఉంది. నా ఫోన్ ఎత్తడం లేదు, ఎత్తాలని అడిగే హక్కు నాకు లేదు.

ఇది చదివేవాళ్లలో ఈ అద్దాల భవనాల్లో పనిచేసేవాళ్లు ఉంటారు, మనుషుల్ని పనిలో పెట్టుకునేవాళ్లూ ఉంటారు. లింగమూర్తి అనే ఆయన స్క్రూడ్రైవర్ల సంచితో మీ గేటు దగ్గరికి వస్తే, ఆయన ఏ బోర్డూ విరగ్గొట్టలేదని, ఎవరి దగ్గరా రూపాయి తినలేదని గుర్తుపెట్టుకోండి.