గిన్నెతో సహా వాయనం

నేను ఒక స్టీలు గిన్నెను. మద్రాసు దగ్గర ఓ కర్మాగారంలోకి రేకుగా వెళ్లి, ఒక్క దెబ్బతో గిన్నెనై బయటికొచ్చాను. జీవితంలో నేను పడ్డ కష్టం అదొక్కటే. పెళ్లికానుకగా కొన్నవాళ్లు నా మీద ‘హంసిని’ అని పేరు చెక్కించేసరికి, ఆ పిల్ల నాదే అనుకున్నాను. ఆమె నన్ను చీరల మధ్య చుట్టి ఒహాయోలోని ఓ చిన్న ఊరికి తెచ్చింది.

కాపురం పెట్టిన రోజే ఎండుమిర్చి పోపు పొగకు బిల్డింగు అలారం మోగింది. అందరూ చలిలో బయటికి పరుగెత్తారు. చెప్పుల్లేకుండా నిలబడ్డ హంసినికి తన కోటు కప్పింది పక్క వాటా మిర్లాండ్, హైతీ నుంచి వచ్చిన నర్సు. మర్నాడు కోటుతోపాటు నా నిండా పులిహోర వెళ్లింది. వారం పాటు ఆ వంటింట్లో ఉండి, వాళ్ల దేశపు పుట్టగొడుగుల నల్లన్నంతో తిరిగొచ్చాను. ఖాళీ గిన్నె వెనక్కివ్వకూడదన్న మర్యాద మా ఒక్కళ్ల సొత్తే అనుకునేదాన్ని. గొప్పల్లో గిన్నెలు మనుషులకేమీ తీసిపోవు.

శ్రావణ మంగళవారం వచ్చింది. హంసినికి మొదటి నోము. పేరంటాళ్లలో పెద్దావిడ రాజ్యం పిన్నిగారు కూర్చుంటూనే ఫోను తీశారు.

“హైతీ వాళ్లు పక్కిళ్ల పిల్లుల్ని వండుకు తింటున్నారట. నువ్వేమో ఆవిణ్ణి పేరంటానికి పిలిచావు. ఈ గిన్నె వాళ్లింటికి వెళ్లొచ్చిందేనా? శనగలు వేరేదాంట్లో పొయ్యి.”

ఆ వంటింట్లో బియ్యం, పుట్టగొడుగులు, చిక్కుడు గింజలు, లవంగాలు తప్ప నేనేమీ చూడలేదు. సాక్ష్యం చెబుదామంటే ‘టంగ్’ అనడం తప్ప నాకేమీ రాదు. అదీ ఎవరైనా కొడితేనే.

“ఎవరు చూశారు పిన్నిగారూ?”

“గ్రూపులో వచ్చిందే అమ్మాయ్. నిప్పు లేనిదే పొగొస్తుందా?”

“నా పోపు పొగ చూసి, మనం పాముల్ని వేయించుకుంటామని కింది వాటా వాళ్లు వాళ్ల గ్రూపులో రాశారు. అదీ నిజమేనా?”

పిన్నిగారు కొంగు సర్దుకున్నారు. “ఆవిడకిస్తే నేను పుచ్చుకోను. మొదటి నోము, పెద్దవాళ్లు మధ్యలో లేచి వెళ్తే అరిష్టం. నీ ఇష్టం.”

హంసిని నన్ను దగ్గరికి లాక్కుంది. “మీరు చదివింది అబద్ధం పిన్నిగారూ. ఆవిణ్ణి తప్పిస్తేనే నిలిచే నోమైతే, నాకొద్దు.”

అంతలో మిర్లాండ్ పూలతో వచ్చింది. హంసిని ఆమెకు బొట్టు పెట్టి, శనగలన్నీ నాలో పోసి, నాతో సహా ఆమె కొంగులా పట్టిన శాలువాలో పెట్టింది.

“ఇస్తినమ్మా వాయనం.”

మిర్లాండ్‌కు ఏమనాలో తెలియలేదు. పిన్నిగారు లేవబోతూ మోకాలి మీద చేయి వేశారు. కానీ ఎన్ని నోములు పట్టిన చేయి అది! వాయనం మాట సగంలో ఆగిపోతే ఆవిడ ప్రాణం ఒప్పలేదు.

“పుచ్చుకుంటినమ్మా వాయనం, అనాలి,” అని గొణిగారు. మిర్లాండ్ కూడబలుక్కుంటూ అంది.

“నా చేతి వాయనం పుచ్చుకున్నదెవరు?” హంసిని అడిగింది.

అందరూ పిన్నిగారి వైపే చూశారు. ఆవిడ మొదటిసారి మిర్లాండ్ ముఖంలోకి చూశారు.

“నేనే మంగళగౌరిని. అనవే తల్లీ.”

మిర్లాండ్ అంది. పిన్నిగారు ఫోను పక్కన పెట్టి, తనూ కొంగు పట్టారు. శనగలన్నీ నాతోపాటు మిర్లాండ్ ఒళ్లో ఉన్నాయి. ఇంకో గిన్నె కోసం హంసిని వంటింట్లోకి పరుగెత్తింది.